మందుకు కణితి లొంగకపోతే తప్పు ఎవరిది?

(హోసూరులో మహిళల కూడికలోనూ, ఆ తర్వాత కృష్ణగిరిలోనూ మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేం తెచ్చిన విషయం పేరు వింటే కొంచెం బెదురు పుడుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ. సైన్సు పాఠం చెప్పి పోవడానికి వచ్చారా అని మీరు అనుకోవచ్చు. పాఠం కొంచెం ఉంది. కానీ మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది ఒక అక్క అడిగిన ప్రశ్న.

ఆ అక్కది రాయకోట వైపు ఒక పల్లె. గులాబీ తోటలో కూలికి పోయేది. రొమ్ములో గడ్డ కనబడినాక ఐదారు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పినాక ఆసుపత్రికి తీసుకుపోయారు. ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సర్ అని తేల్చి, ముందు కీమో ఇచ్చి గడ్డను తగ్గించి తర్వాత ఆపరేషన్ చేద్దాం అన్నారు. నాలుగు సార్లు ఎర్రమందు ఎక్కింది. జుట్టు పోయింది, నోరు పూసింది, కూలి పోయింది. నాలుగోది అయినాక స్కాన్ చూస్తే గడ్డ తగ్గలేదు, కొంచెం పెరిగింది.

"మందుకు లొంగడం లేదు, మందు మారుద్దాం" అన్నారు డాక్టరు. ఆ మాట ఊరు చేరేసరికి వేరే మాట అయింది. పత్యం సరిగా చేయలేదు అన్నారొకరు. ఏదో దాచిపెడుతోంది అన్నారు ఇంకొకరు. ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన, చెడ్డ మనసుతో కాదు, మంచి మనసుతోనే, "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉందేమో చూసుకో తల్లీ" అన్నారు. మేం పోయి పలకరించినప్పుడు ఆ అక్క ఒక్కటే అడిగింది: "నేనేం పాపం చేస్తినక్కా, మందుకు కూడా నేను వద్దయితినే?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని మేం చదవడం మొదలుపెట్టాం, డాక్టర్లను అడిగాం. తెలిసింది ఇక్కడ చెబుతున్నాం. మా మాట చివర్లో కాదు, ముందే చెప్పేస్తాం. కీమో పనిచేయకపోవడం ఆ మనిషి పాపానికి శిక్ష కాదు. కొంత కణం లోపల జరిగే పని. కొంత మన సమాజం చేసే పని. మొదటిది ఆమె చేతిలో లేదు. రెండోది మన చేతిలో ఉంది.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మీకు తెలుసు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదు అన్నాడు యేసు. ఆ జవాబు విని రెండు వేల ఏళ్లయినా, జబ్బు మంచం పక్కన మనం ఇంకా శిష్యుల ప్రశ్నే అడుగుతున్నాం.

నకలు మీద అంటించిన చీటీ

తాలూకా ఆఫీసులో భూమి రికార్డులు ఉంటాయి. అసలు రికార్డు ఆ గది దాటి బయటికి రాదు. మనకు కావలసిన పుటకు నకలు తీసి ఇస్తారు. ఆ నకలు చూపిస్తేనే బ్యాంకులో అయినా, సర్వేయరు దగ్గర అయినా పని జరుగుతుంది.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇదే ఏర్పాటు. అసలు రికార్డు డీఎన్‌ఏ. అందులో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000. కణానికి ఏ ప్రోటీన్ కావాలో ఆ జన్యువుకు నకలు తీస్తుంది. దాని పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. ఆ నకలు చదివి ప్రోటీన్ తయారవుతుంది. ఒంట్లో జరిగే పనిలో ఎక్కువ భాగం ప్రోటీన్లే చేస్తాయి.

మరి మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఏమిటి? ఆ నకలు మీద అంటించే చిన్న చీటీ అనుకోండి. "దీని మీద పని ఆపండి" అని రాసిన చీటీ. నకలులో వేల అక్షరాలుంటే చీటీలో ఉండేవి సుమారు 22 అక్షరాలే. చీటీ అంటుకున్న నకలును కణం చదవడం మానేస్తుంది, లేదా చించి పారేస్తుంది. ఒక చీటీ ఎన్నో నకళ్లను ఆపగలదు. ఒకే నకలు మీద వేరే వేరే చీటీలు పడనూవచ్చు. ఇలాంటి చీటీలు మన కణాల్లో వెయ్యికి పైగా రకాలున్నాయి.

దీన్ని మొదట కనిపెట్టింది మనిషిలో కాదు, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. ఆ పురుగుకు మాత్రమే సంబంధించిన వింత అనుకుని లోకం పెద్దగా పట్టించుకోలేదు. 2000లో రవ్‌కన్ బృందం లెట్-7 అనే ఇంకో చీటీని కనుక్కుంది. అది మనిషితో సహా ఎన్నో జీవుల్లో ఉందని తేలింది. 2002లో ఒక రకం రక్త క్యాన్సర్‌లో రెండు చీటీలు తరచుగా మాయమవుతున్నాయని కార్లో క్రోచే బృందం చూపించింది. 2005లో రొమ్ము క్యాన్సర్‌లోనూ చీటీల లెక్క తారుమారవుతుందని తెలిసింది. ఆంబ్రోస్‌కు, రవ్‌కన్‌కు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్నదని తీసిపారేసిన దాని విలువ తెలుసుకోవడానికి లోకానికి ముప్పై ఏళ్లు పట్టింది.

కణితి మొండికెత్తే దారులు

ఎర్రమందు, అంటే డాక్సోరూబిసిన్, కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. దెబ్బ ఎక్కువైతే కణం తనంతట తాను చచ్చిపోతుంది. అలా చచ్చిపోయే ఏర్పాటు ప్రతి కణంలో ఉంది. ఆ ఏర్పాటును పనిచేయించడమే కీమో పని. కణితి దాన్ని తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి. చీటీలకు సంబంధం ఉన్న నాలుగు చెబుతాం.

మొదటిది తోడిపోసే దారి. కణం గోడలో ఒక ప్రోటీన్ ఉంటుంది, బావికి పెట్టిన మోటారు లాంటిది. లోపలికి వచ్చిన మందును తోడి బయట పోస్తుంది. దాన్ని తయారు చేసే జన్యువు పేరు ఎమ్‌డీఆర్1. మిర్-451 అనే చీటీ ఈ మోటారు నకలును ఆపుతుంది. ఎర్రమందుకు మొండికెత్తిన రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ చీటీ బాగా తగ్గిపోయిందనీ, దాన్ని తిరిగి లోపల పెడితే మందు మళ్లీ పనిచేసిందనీ 2008లో ప్రయోగశాలలో చూశారు.

రెండోది చావు కబురును తొక్కిపట్టే దారి. మిర్-21 అనే చీటీ రొమ్ము కణితిలో తరచుగా చాలా ఎక్కువ ఉంటుంది. కణం అదుపు తప్పకుండా చూసే పీటెన్ అనే కాపలా ప్రోటీన్ ఒకటి ఉంది. ఈ చీటీ పోయి దాని నకలు మీదే అంటుకుంటుంది. కాపలా లేని కణం దెబ్బ తిన్నా చావదు.

మూడోది దాక్కునే దారి. రాగి చేలో గరిక పడితే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. పైన ఎంత కోసినా, వేరు ముక్క ఒకటి మిగిలితే చాలు. కణితిలోనూ అలాంటి వేరు కణాలుంటాయి. వాటిలో లెట్-7 చీటీ చాలా తక్కువ. ఆ చీటీని తిరిగి పెడితే వాటి బలం తగ్గుతుందని చైనా శాస్త్రవేత్తలు 2007లో చూపించారు.

నాలుగోది పంచుకునే దారి. మొండికెత్తిన కణం తన చీటీలను చిన్న చిన్న బుడగల్లో పెట్టి బయటికి వదులుతుంది. పక్క కణం వాటిని అందుకుంటుంది. నిన్నటిదాకా మందుకు లొంగిన కణం అలా మొండికెత్తడం నేర్చుకుంటుంది.

ఇందులో ఎక్కడైనా ఆ అక్క తిన్న వంకాయ కూర ఉందా? ఆమె ప్రార్థన తక్కువైందనే లెక్క ఉందా? కణితి మందును తప్పించుకోవడం కణితి పని. అది ఆమె ఎంచుకున్నది కాదు.

ఒక సన్యాసిని ఇచ్చినది

ఎర్రమందు, మిర్-451 ప్రయోగం చేసిన కణాల పేరు ఎమ్‌సీఎఫ్-7. ప్రపంచంలో రొమ్ము క్యాన్సర్ పరిశోధన జరిగే ప్రయోగశాలల్లో ఈ పేరు తెలియనిది ఉండదు. ఆ కణాలు ఎవరివి? అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో మన్రో అనే ఊళ్లో ఒక కాన్వెంటు ఉంది. అక్కడి కాథలిక్ సన్యాసిని సిస్టర్ క్యాథరీన్ ఫ్రాన్సెస్. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 1970లో, 69 ఏళ్ల వయసులో, ఆమె ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన కణాలను హెర్బర్ట్ సూల్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పెంచారు. ఏడో ప్రయత్నంలో ఫలించింది కాబట్టి పేరు చివర 7. ఆమె ఆ ఏడాదే చనిపోయారు. కణాలు ఈరోజుకీ పెరుగుతూనే ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మందులు ఎలా పనిచేస్తాయో అర్థం కావడానికి ఆ కణాలు చాలా ఉపయోగపడ్డాయి.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, జీవితమంతా దేవునికి ఇచ్చుకున్న ఒక సన్యాసిని ఒంట్లోనూ క్యాన్సర్ వచ్చింది. విశ్వాసానికీ కణితికీ లెక్క కుదర్చాలని చూసేవాళ్లు ఆమెను ఒకసారి తలుచుకోవాలి.

ఆశ ఉంది, అంగట్లో లేదు

ఇంత తెలిసింది కదా, చీటీలతోనే మందు చేయవచ్చు కదా అని మీరు అడుగుతారు. ప్రయత్నించారు. మిర్-34 అనే మంచి చీటీని మందుగా చేసి 2013 నుంచి అమెరికాలో కొందరు క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి తిరగబడి నలుగురు చనిపోయారు. 2016లో ఆ ప్రయోగం ఆపేశారు. చీటీ ఒక్క నకలు మీదే అంటుకోదు అని ముందే చెప్పాం. మంచి కణాల్లోకి పోతే అక్కడ ఏం ఆపుతుందో చూసుకోవాలి. గాజు పళ్లెంలో జరిగింది మనిషి ఒంట్లో జరగాలంటే చాలా దూరం నడవాలి.

రక్తంలో తిరిగే చీటీలను లెక్కబెట్టి, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే పరీక్ష కోసమూ పరిశోధన జరుగుతోంది. అది మంచి ఆశ. కానీ ఈరోజు ఏ ఆసుపత్రిలోనూ మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చూసి కీమో ఎంచుకోవడం మామూలు వైద్యం కాదు. ఈ పేరు చెప్పి ఎవరైనా వేల రూపాయల పరీక్షో, పొడో, నూనో అమ్మితే కొనకండి. కీమో ఎలాగూ పనిచేయదట అని మధ్యలో మానేయకండి. చాలామందికి కీమో పనిచేస్తుంది. ఒక మందుకు లొంగని కణితి ఇంకో మందుకు లొంగవచ్చు. డాక్టరు మందు మార్చారంటే చేతులెత్తేశారని అర్థం కాదు.

రెండో మొండితనం

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. 2022లో మన దేశంలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా సుమారు 1,92,000 మందికి వచ్చిందనీ, సుమారు 98,000 మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా. 2010 నుంచి 2014 దాకా రోగం బయటపడినవాళ్ల లెక్క చూస్తే, ఐదేళ్లు బతికినవాళ్లు అమెరికాలో నూటికి 90 మంది, మన దగ్గర 66 మంది. మన ఆడవాళ్ల కణాల్లోని చీటీలే అంత మొండివా? కాదు. ఈ తేడాలో ఎక్కువ భాగం కణంలో లేదు. ఆలస్యంలో ఉంది, మధ్యలో ఆగిన వైద్యంలో ఉంది, చేయని పరీక్షలో ఉంది.

మన ప్రాంతం సంగతే చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరుకు పోతే కన్నడం, రిపోర్టు ఇంగ్లీషు. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లు, చెన్నై సుమారు 300. దగ్గరున్నది వేరే రాష్ట్రం. మన బీమా కార్డు ఉన్న రాష్ట్రంలో పెద్ద ఆసుపత్రి దూరం. మూడు వారాలకోసారి పోయి రావాలంటే కూలి పోతుంది, తోడు వచ్చే మనిషి కూలీ పోతుంది, ఇంటి దగ్గర ఆవును చూసేవాళ్లు ఉండరు. మామిడి కోతల రోజుల్లో ఒక కీమో తప్పుతుంది, పండగకు ఇంకొకటి తప్పుతుంది. వేళ తప్పిన కొద్దీ మిగిలిన కణాలు కోలుకుంటాయి. అప్పుడు ఆ కణితి మొండిదా, మనం ఆమెను నిలబెట్టిన పరిస్థితి మొండిదా?

మేం చెప్పిన అక్క కాగితాలను మేం మళ్లీ తీసి చూశాం. రొమ్ము క్యాన్సర్ అందరికీ ఒకటే కాదు. ముక్క పరీక్షలో మూడు సంగతులు చూస్తారు. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గుర్తులు రెండు, హెర్2 అనేది మూడోది. ఆమె రిపోర్టులో హెర్2 దగ్గర 2 ప్లస్ అని ఉంది. 2 ప్లస్ అంటే అవునూ కాదు, కాదూ కాదు. తేల్చడానికి ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. చేయించమని కింద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ కాగితం ఐదు నెలలుగా ప్లాస్టిక్ కవరులో ఉంది. ఎవరూ ఆమెకు చదివి చెప్పలేదు.

ఆ పరీక్ష చేయించాం. హెర్2 ఉందని తేలింది. అలాంటి కణితికి కీమోతోపాటు ట్రాస్టుజుమాబ్ అనే మందు కావాలి. ఒకప్పుడు అది మనలాంటివాళ్లకు అందని ధర. మనం బెంగళూరుకు పోయే హోసూరు రోడ్డు మీదే, ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న బయోకాన్ కంపెనీ 2014లో దానికి సాటి మందును తక్కువ ధరకు మన దేశంలో తెచ్చింది. ఆమె దాటి పోయిన దారిలోనే ఆ మందు ఉంది. ఆమె దగ్గరికి రావడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది.

ఆమె కణితిలో ఏ చీటీ ఏం చేసిందో ఎవరూ పరీక్షించలేదు. కానీ చదవకుండా మిగిలిపోయిన ఈ కాగితం మాత్రం ఉంది. కణంలో నకలు చదవకపోతే పని ఆగిపోయినట్టే ఇక్కడా ఆగిపోయింది.

ఏం అడగాలి, ఏం చేయాలి

రొమ్ము క్యాన్సర్ అని తేలిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్నలు అడగండి. ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు మూడూ అయ్యాయా? హెర్2 2 ప్లస్ అయితే ఫిష్ చేశారా? మొత్తం ఎన్ని కీమోలు, ఏ తేదీల్లో? ఒకటి తప్పితే ఎవరికి ఫోన్ చేయాలి? గడ్డ తగ్గుతోందా లేదా అని ఎప్పుడు చూస్తారు, తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు ఈ ఆసుపత్రిలో, ఈ మందుకు చెల్లుతుందా? సరిహద్దు దాటేముందే ఇది అడగాలి. అడగడం డాక్టరు మీద అనుమానపడటం కాదు. అది మన హక్కు.

ఇంటింటికీ మందు తెచ్చే పథకం, మక్కళై తేడి మరుత్తువం, 2021 ఆగస్టు 5న మొదలైంది ఎక్కడో కాదు, మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగర్ మాత్రలు ఇవ్వడానికి ఆరోగ్య కార్యకర్త మీ గడపకు వస్తుంది. ఆమె దగ్గర గడ్డ సంగతి దాచకండి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్లకోసారి ప్రభుత్వ వైద్య వ్యవస్థలోనే రొమ్ము పరీక్ష చేయాలని 2016లోనే కేంద్రం నిర్ణయించింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష జరుగుతోందా అని సంఘంగా పోయి అడుగుదాం. మన భాషలో రిపోర్టు చదివి చెప్పే మనిషి జిల్లా ఆసుపత్రిలో ఉండాలని అడుగుదాం.

చెన్నై అడయార్‌లో క్యాన్సర్ ఆసుపత్రి 1954లో ఊరికే పుట్టలేదు. క్యాన్సర్‌తో చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుబట్టి కట్టించారు. దేవదాసీ దురాచారం మీద పోరాడిన చేయి, క్యాన్సర్ ఆసుపత్రి కట్టిన చేయి ఒకటే. వైద్యం వేరు, న్యాయం వేరు అని ఆమె అనుకోలేదు.

ఇక మన సంఘాలకు. పరామర్శకు పోయినప్పుడు కారణం వెదకడం మానేద్దాం. ప్రార్థన చేద్దాం, తప్పకుండా చేద్దాం. ఆమెన్ అన్నాక, తర్వాతి కీమో తేదీ ఎప్పుడమ్మా, తోడు ఎవరు పోతున్నారు, బస్సు చార్జీ ఉందా అని అడుగుదాం. కానుకల్లో కొంత అందుకు పక్కన పెడదాం. చదువుకున్న పిల్లలున్నారు మన సంఘాల్లో. నెలకోసారి కూర్చుని ఇళ్లలోని రిపోర్టులు చదివి పెట్టమందాం. వాళ్లు వైద్యం చెప్పాల్సిన పని లేదు. ఏమి రాసి ఉందో చెబితే చాలు, డాక్టరును ఏమి అడగాలో తెలుస్తుంది.

మార్కు సువార్త ఐదో అధ్యాయంలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉంది. ఎందరో వైద్యుల దగ్గర తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుంది. రోగం తగ్గలేదు, పెరిగింది. మందుకు లొంగని రోగం కథ బైబిల్లోనే ఉంది. ఆ స్త్రీని యేసు ఏ పాపం చేశావని అడగలేదు. గుంపులో నిలబడి ఆమె మాట మొత్తం విన్నాడు. కుమారీ అని పిలిచాడు.

ఆ అక్క ఇప్పుడు కొత్త మందు మీద ఉంది. గడ్డ కొంచెం మెత్తబడిందన్నారు, ఆపరేషన్ తేదీ చూస్తున్నారు. ముందు ఏమవుతుందో మేం మాట ఇవ్వలేం. మొన్న పోయినప్పుడు పాపం సంగతి ఎత్తలేదు. కవరులోంచి కాగితం తీసి, "అక్కా, ఇందులో ఏమి రాసినారో చదివి చెప్పు" అంది. కూర్చుని మొత్తం చదివి చెప్పాం.